బెర్మెత్ పేరు మీద తొమ్మిది సూదులు

ఫ్రూంజే, వైద్య పాఠశాల హాస్టలు
1974 మే 6

చెల్లి జూరాకి,

నీ ఉత్తరం పన్నెండు రోజులకు చేరింది. కవరు విప్పగానే ఎండు పెరుగుండల వాసన గుప్పుమంది. నా గదిలో ఉండే పట్నం పిల్ల ముక్కు మూసుకుంది. నేను మాత్రం ఆ కవరు దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

ఒక సంగతి అడగాలి. ఉత్తరం రాసింది నువ్వే. గుర్రం తోకలా కిందికి ఈడ్చే ఆ అక్షరాలు మన ఇంట్లో ఇంకెవరికీ రావు. ఇన్నాళ్ళూ చివర 'నీ చెల్లి' అని ఊరుకునేదానివి. ఈసారి 'నీ చెల్లి బెర్మెత్' అని మన చిన్నదాని పేరు ఉంది. అంతకంటే వింత మధ్యలో ఉంది. 'జూరా గుట్ట ఎక్కితే ఆయాసపడుతోంది' అని రాశావు. నీ చేత్తోనే, నీ గురించే, ఎవరో పరాయి పిల్ల గురించి రాసినట్టు. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి లేచి కిటికీ మూశాను. ఆటపట్టించడానికి రాశావా? అయితే ఇలాంటి ఆటలు వద్దు.

బెర్మెత్ సూదుల సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు. మూడేళ్ళ క్రితం దానికి గొంతు నొప్పి వచ్చి తగ్గింది, ఆ తర్వాత మోకాళ్ళు వాచి జ్వరం కాసింది, నీకు గుర్తుండే ఉంటుంది. ఆ జ్వరం కీళ్ళ దగ్గర నాలుగు రోజులు చుట్టంలా ఉండి, వెళ్ళి గుండెలో కాపురం పెడుతుంది. అక్కడి కవాటాన్ని కొంచెం కొంచెంగా అతికించేస్తుంది. నెలనెలా ఆ తెల్ల మందు సూది పడినంతకాలం జ్వరం మళ్ళీ రాదు, కవాటానికి కొత్త దెబ్బ తగలదు. పాత కాంపౌండరు బదిలీ అయి కొత్తాయన వచ్చాడన్నారు. ఆయనకు మన పిల్లలు తెలియరు. నెల తప్పకుండా చూసే బాధ్యత నీదే. నీకు పదమూడేళ్ళు, దానికి పన్నెండు. అక్కవు నువ్వు.

శీతాకాలం సెలవులకు కనుమ మూసుకుపోయి రాలేకపోయాను. వేసవంతా ఆసుపత్రిలో పని నేర్చుకోవాలట. కాబట్టి నా కళ్ళు నువ్వే.

నీ అక్క,
సైరాగుల్


కరా-బులున్
మే 24

సైరాగుల్ అక్కకి,

నువ్వు కోప్పడతావని తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ పేరు రాయలేదు. కిందటిసారి నాన్నమ్మ పక్కన కూర్చుని 'పేరు రాయవే, సగం ఉత్తరం పంపుతావేమిటి' అంది. రాశాను. ఇప్పుడు తను పాలు పితకడానికి వెళ్ళింది, కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

నువ్వు పట్నం వెళ్ళిన నెలకు, అక్టోబరులో, బెర్మెత్ ఒకరోజు పట్టపగలు వాకిట్లోకి చూసి 'ఆఁ, వస్తున్నా' అంది. వాకిట్లో ఎవరూ లేరు. కుక్క కూడా లేదు. నాన్నమ్మ చేతిలో పిండి పళ్ళెం కింద పడిపోయింది. అమ్మ పోయే ముందు రోజు కూడా ఇలాగే ఎవరో బయటినుంచి పిలిచినట్టు 'ఆఁ' అన్నదట. నీకు అప్పుడు ఏడేళ్ళు, నీకు గుర్తుందో లేదో.

ఆ సాయంత్రమే నాన్నమ్మ మా ఇద్దరినీ వీపుకు వీపు ఆనించి కూర్చోబెట్టి, పైన ఒకే కంబళి కప్పి, దిష్టి తీసే ఆర్చా చెట్టు కొమ్మలతో పొగ వేసింది. లోపల మమ్మల్ని మూడుసార్లు గిరగిరా తిప్పింది. కంబళి తీసి నా తల మీద చెయ్యి పెట్టి, 'ఇది బెర్మెత్' అంది. దాని తల మీద చెయ్యి పెట్టి, 'ఇది జూరా. దీనికి ఏ జబ్బూ లేదు. గుర్రంలాంటి పిల్ల' అంది.

'ఎన్నాళ్ళు?' అని అడిగాను.

'పేరు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చేది విసిగిపోయేదాకా. అంతవరకూ పాత పేరు మీ నోట వచ్చిందో, నాలుక కోసి కుక్కకేస్తాను' అంది.

నాన్న గొర్రెల దగ్గర్నుంచి వచ్చి విని నవ్వాడు. 'అమ్మా, మందలో గొర్రెలకే గుర్తులు తప్పుతున్నాయి, ఇంట్లోనూ మొదలెట్టావా' అన్నాడు. కానీ మర్నాటినుంచి తనూ అలాగే పిలుస్తున్నాడు. బడిలో అందరూ అలాగే పిలుస్తున్నారు. మన ఊళ్ళో ఎవరూ కాదనరు కదా. అలవాటైపోయింది అక్కా. నిన్న ఎవరో 'జూరా' అని పిలిస్తే నేను పలకలేదు.

సూదులు అన్నీ పడ్డాయి. కొత్త కాంపౌండరు పేరు మెదెర్, మైదానం మనిషి, గుర్రం ఎక్కడం కూడా సరిగా రాదు. కానీ ఒక్క నెల తప్పలేదు. కార్డు మీద బెర్మెత్ పేరుకు ఎదురుగా ప్రతి నెలా టిక్కు ఉంది. నేనే చూశాను.

వచ్చే వారం పై మేత బయళ్ళకు గుడారం ఎత్తుకెళుతున్నాం. ఉత్తరాలు ఆలస్యమవుతాయి.

బెర్మెత్
(ఎవరో నీకు తెలుసుగా)


ఫ్రూంజే
జూన్ 15

చెల్లీ,

ఏ పేరుతో మొదలుపెట్టాలో తెలియక ఇలా రాస్తున్నాను. నాన్నమ్మ చదివించుకుని వింటే నీ నాలుక కుక్క పాలవుతుంది కదా!

కోపం రాలేదు. కార్డు మీద టిక్కులన్నీ ఉన్నాయన్నావు, నాకు అది చాలు. మందు ఒంట్లోకి పోతుంటే నాన్నమ్మ మిమ్మల్ని చిలకా గోరింకా అని పిలిచినా నాకు అభ్యంతరం లేదు. మా మాస్టారు నమ్మకాలను ఎగతాళి చేస్తే తరగతి అంతా నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. కానీ ఆ కంబళి కింద చీకట్లో మీరిద్దరూ తిరుగుతున్నట్టు మొన్న కల వచ్చింది. కంబళి తీస్తే కింద ఒక్కరే ఉన్నారు.

ఇంకో మాట. ఇది ఎవరికీ చెప్పకు. మా పుస్తకంలో ఒక స్త్రీ ముఖం బొమ్మ ఉంది. బుగ్గలు యాపిల్‌లా ఎర్రగా, పెదవులు నేరేడు రంగులో. చాలా అందంగా ఉంది. కింద రాసి ఉంది: 'గుండె ఎడమవైపు కవాటం ఇరుకైన రోగి'. నేను ఆ పేజీ దగ్గరే ఉండిపోయాను. అది మన అమ్మ ముఖం. బెర్మెత్‌ను కనడానికి ముందు ఊరంతా ఆమె బుగ్గలు చూసి దిష్టి తగులుతుందనేవారు. మన కొండల మీద చలిగాలికి బుగ్గలు ఎర్రబడని వాళ్ళెవరు? అందుకే ఒక్కరికీ తెలియలేదు. ఊపిరాడక పోయింది అమ్మ. ఎవరూ పిలవలేదు.

బెర్మెత్ బుగ్గలు ఎలా ఉన్నాయో చూసి రాయి.

నేనొక పని చేశాను. అదేమిటో ఇప్పుడు చెప్పను. నాన్నమ్మ చెవిన పడితే చెడిపోతుంది.

సైరాగుల్


సరి-కియా బయలుకు పైన
జూలై 9

అక్కా,

త్వరగా రాస్తున్నాను. ఉప్పు తేవడానికి కిందికి వెళుతున్న మనిషి బయట గుర్రం మీదే కూర్చుని ఉన్నాడు.

అది వచ్చింది.

ఐదు రోజుల క్రితం. పొద్దున్నే కొండంతా తెల్ల మబ్బు దిగింది. పక్కన నిలబడ్డ గుర్రం కూడా కనపడలేదు, ఊపిరి మాత్రమే వినపడింది. నాన్నమ్మా నేనూ గుర్రపు పాల కుమిస్ చిలుకుతున్నాం. కుక్క మొరగలేదు. మబ్బులోంచి ఒక ఆడమనిషి నడిచి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది, తలకు తెల్లగుడ్డ. వాన లేదు అక్కా, అయినా ఆమె బట్టల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. నిలబడ్డచోట గడ్డి మీద మడుగు కట్టింది. పళ్ళు టకటకలాడుతుంటే అడిగింది:

'బెర్మెత్ అనే పిల్ల ఇక్కడేనా?'

నాన్నమ్మ కవ్వం వదల్లేదు. 'ఎవరు నువ్వు?' అంది.

'పట్నం నుంచి వచ్చాను. డాక్టర్ని.'

నేను ఆమె చేతులు చూశాను. సంచీ లేదు. తెల్లకోటు లేదు. సూది లేదు. ఉత్త చేతులతో ఏ డాక్టరు వస్తుంది? నాన్నమ్మ నా చెవిలో 'అలాగే అంటుంది మరి' అని గొణిగి, నన్ను ముందుకు తోసింది. 'ఇదిగో బెర్మెత్. చూసుకో.'

ఆమె నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. వేళ్ళు మంచు. నా చొక్కా పైకెత్తి, తడి చెవి నా గుండెకు ఆనించింది. ఎంతసేపు విందో తెలియదు. ఊపిరి బిగబట్టమంది, వదలమంది. తర్వాత తల ఎత్తి, నా కళ్ళలోకి చూసి అంది:

'నేను వెతుకుతున్నది ఇక్కడ లేదు.'

గుడారంలోకి తొంగిచూసింది. 'లోపల ఎవరు?'

'జూరా. పని దొంగ. ఎండెక్కినా లేవదు' అంది నాన్నమ్మ. లోపల బెర్మెత్ పరుపుల గుట్ట వెనక ముసుగు తన్ని పడుకుంది, కనురెప్ప కూడా కదల్చలేదు. ఆమె రెండు గిన్నెల వేడి టీ తాగి, మళ్ళీ మబ్బులోకి వెళ్ళిపోయింది. నాన్నమ్మ ఆమె తాగిన గిన్నెను రాతికేసి బద్దలు కొట్టింది. ఆ పూటే గుడారం విప్పి, ఇంకా పైకి, మంచుగడ్డల కిందికి వచ్చేశాం. ఇక్కడికి మనం ఎప్పుడూ రాలేదు. గడ్డి పొట్టిగా ఉంది, గొర్రెలు దిగులుగా ఉన్నాయి.

నాన్నమ్మ సంతోషంగా ఉంది. 'వచ్చింది, చూసింది, మోసపోయింది' అంటోంది. నాకు మాత్రం ఆ చెవి తగిలిన చోటు ఇప్పటికీ చల్లగానే ఉంది.

ఇంకొకటి. ఇక్కడ పూరేడు పిట్టలు ఉండవు. అవి ఎక్కడో కింద గోధుమ చేలల్లో ఉంటాయని నాన్న అంటాడు. కానీ నేనూ చిన్నదీ వీపుకు వీపు ఆనించి పడుకుంటే పూరేడు కూస్తోంది. బిట్-బిల్డిక్, బిట్-బిల్డిక్. లేచి కూర్చుంటే ఆగిపోతుంది. గుడారం చుట్టూ వెతికాను. గడ్డిలో ఏమీ లేదు. దాని వీపుకు చెవి ఆనిస్తే మళ్ళీ వినిపిస్తుంది. పిట్ట లోపల ఉంది అక్కా.

బుగ్గలు అడిగావు. చాలా ఎర్రగా, ముద్దొస్తున్నాయి.

బెర్మెత్


ఫ్రూంజే
జూలై 27

జూరా,

ఈ ఉత్తరం ఒక్కదానివే చదువు.

ఆ మబ్బులోంచి వచ్చింది డాక్టర్ జిపారా. ఆమెను పంపింది నేను.

వేసవిలో ఆమె కాపరుల పిల్లల గుండెలు చూడటానికి కొండలకు వెళుతోందని తెలిసి వారం రోజులు ఆమె గది ముందు నిలబడ్డాను. బెర్మెత్ పేరు, నాన్న పేరు, బయలు పేరు కాగితం మీద రాసిచ్చాను. పరిస్థితి చెడుగా ఉంటే తనతోపాటు తీసుకొచ్చి ఆపరేషను చేయిస్తానని మాటిచ్చింది. ముందే చెబితే నాన్నమ్మ పిల్లను దాచేస్తుందని మీకు రాయలేదు. అది నా తప్పు. వాగు దాటేటప్పుడు ఆమె సంచుల గుర్రం కొట్టుకుపోయింది. కోటు, గుండె వినే గొట్టం, మందులు అన్నీ పోయాయి. తడిబట్టలతోనే వెతుక్కుంటూ వచ్చింది పాపం. ఆమె తాగిన గిన్నె బద్దలు కొట్టారు మీరు.

తిరిగొచ్చాక నన్ను పిలిచి అంది: 'మీ చెల్లెలి గుండె గంటలా మోగుతోంది. మచ్చ లేదు. పాత కాంపౌండరు పొరబడి ఉంటాడు. పోయి చదువుకో.' మూడు రోజులు సంతోషంతో ఏడ్చాను. హాస్టలు పిల్లలందరికీ మిఠాయి పంచాను. నాలుగో రోజు నీ ఉత్తరం వచ్చింది.

నీ ఉత్తరంలో పిట్ట ఉంది.

జూరా, కవాటం ఇరుకైన గుండె రెండుసార్లు కొట్టుకోదు. మూడుసార్లు కొట్టుకుంటుంది. దాన్ని మా పుస్తకాల్లో పూరేడు కూత అంటారు. పోయిన నెల మా మాస్టారు బల్ల మీద వేళ్ళతో వాయించి చూపించాడు. ఆ చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుసు. నీకు ఎవరూ చెప్పలేదు. నువ్వు పుస్తకం చూడలేదు. అయినా అదే పిట్ట పేరు రాశావు.

సూదులు సరిగ్గా పడితే జబ్బు ఇంత ముదరదు. కాబట్టి ఒక్క ప్రశ్న. మెదెర్ కార్డు చూసి 'బెర్మెత్' అని పిలిచినప్పుడు, చెయ్యి చాపింది ఎవరు?

సైరాగుల్


మంచుగడ్డల కింద
ఆగస్టు 14

అక్కా,

నేను.

తొమ్మిదీ నేనే. నవంబరు నుంచి జూలై దాకా. ఈ నెల మెదెర్ ఇంత పైకి రాలేకపోయాడు. చెయ్యి కాదు, సూది నడుము కింద వేస్తారు. రెండు రోజులు కూర్చోలేం.

నాన్నమ్మకు తెలియదు. సూది వేసేటప్పుడు తను చూడలేక బయట నిలబడి దుఆ చదువుకుంటుంది, లోపల సూది దానికే పడుతోందనుకుంటుంది. మొదటిసారి మెదెర్ వచ్చి 'బెర్మెత్!' అనగానే అది నా వెనక నక్కింది. పాత సూదులకు అది ఎంత ఏడ్చేదో నీకు తెలుసు. 'నువ్వేగా ఇప్పుడు బెర్మెత్‌వి. నువ్వే పో' అంది. నవ్వుతూనే అంది, కానీ నా చొక్కా వదల్లేదు. నేను వెళ్ళి పడుకున్నాను.

సూది ఎవరికి పడాలో నాకు తెలియదని అనుకోకు. తెలుసు. తెలిసే వెళ్ళాను. ఎందుకో చెబితే నవ్వుతావేమో. నాన్నమ్మ రోజుకు వందసార్లు 'నీ చుట్టూ తిరిగిపోనా తల్లీ' అంటుంది కదా. నువ్వూ అంటావు, మన వాళ్ళందరూ అంటారు. అంటే నీ రోగం, నీ నొప్పి నాకు రానీ అని కదా. అనడమే గాని ఎవరూ తిరగరు. నేను తిరిగాననుకున్నాను. నొప్పి నేను తీసుకుంటే మందు దానికి వెళుతుందనుకున్నాను. మా ఇద్దరి పేర్లూ మారాయి, వీపులు ఆనాయి, ఒకే కంబళి కింద తిరిగాం. అలాంటప్పుడు ఒకరి ఒంట్లో పోసింది ఇంకొకరికి ఎందుకు చేరదు అనుకున్నాను. ప్రతిసారీ పళ్ళు బిగబట్టి, అది పరుగెత్తుతున్నట్టు తలచుకునేదాన్ని.

ఫిబ్రవరిలో దానికి మళ్ళీ జ్వరం వచ్చింది. మణికట్లు వాచాయి. గుర్రం మీంచి పడిందని నీకు రాద్దామనుకుని, అసలు రాయడమే మానేశాను.

ఇప్పుడు అది పడుకోలేకపోతోంది. కూర్చునే నిద్రపోతోంది. పెదవులు నువ్వు చెప్పిన రంగులోకి వచ్చాయి. నాన్నమ్మ మాత్రం 'చూడు, నా జూరా బుగ్గలు ఎలా నిగనిగలాడుతున్నాయో' అని మురిసిపోతోంది.

నిజం చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. పేరు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆ వచ్చేది వెతుకుతుంటే దాచింది మేమే కదా. ఇప్పుడు నేనే పేరు పెట్టి చూపిస్తే? చిన్నది చచ్చిపోతే నా నోటితోనే పోయినట్టు కదా? అదీ కాక, నిన్న ఇద్దరమే ఉన్నప్పుడు మెల్లగా 'బెర్మెత్' అన్నాను. అది తిరగలేదు. విననట్టు కాదు అక్కా. ఆ పేరుగల మనిషి అక్కడ లేనట్టు.

ఏం చెయ్యాలో చెప్పు.


ఫ్రూంజే
ఆగస్టు 26

జూరా,

నిన్ను తిట్టను. నేను నీ దగ్గర ఒకటి దాచాను, నువ్వు నా దగ్గర ఒకటి దాచావు. ఇద్దరం ప్రేమతోనే దాచాం. మధ్యలో దాని గుండె అతుక్కుపోయింది.

మందు ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి పోదు. నొప్పి పోతుందేమో నాకు తెలియదు, మందు మాత్రం పోదు.

డాక్టర్ జిపారాకు అంతా చెప్పాను. ఆమె పెన్ను బల్ల మీద పెట్టేసింది. తర్వాత 'లోపల పడుకున్న పిల్లను లేపకుండా వచ్చాను' అంది. మంచం సిద్ధంగా ఉంది. అతుక్కున్న కవాటాన్ని గుండెలోకి వేలు పోనిచ్చి విప్పుతారు. ఇక్కడ చేస్తున్నారు, బతుకుతున్నారు. కానీ కనుమ మీద మంచు పడేలోగా రావాలి. మంచు పడితే టపా మనిషి తప్ప వసంతం దాకా ఎవరూ దాటలేరు. దాని గుండె వసంతం దాకా ఉండదు.

మెదెర్ సెప్టెంబరు మొదటి వారంలో వస్తాడు. అతనికి నేను రాయగలను, కానీ నాన్నమ్మ 'ఇది బెర్మెత్' అని మళ్ళీ నిన్నే చూపిస్తుంది. అక్కడున్న వాళ్ళలో నువ్వొక్కదానివే చెప్పగలవు. అందరి ముందు, గట్టిగా, వేలు పెట్టి చూపించి చెప్పు.

కనుమ కింద రోడ్డు దగ్గర అంబులెన్సుతో పదో తారీకు నుంచి కాచుకుని ఉంటాను.

సైరాగుల్


కరా-బులున్
సెప్టెంబరు 19

అక్కా,

బెర్మెత్ నీ దగ్గరికి చేరి తొమ్మిది రోజులైంది. దారిలో అది నీకు ఏమీ చెప్పి ఉండదు. కాబట్టి నేను చెబుతాను.

మెదెర్ ఆరో తారీకు మధ్యాహ్నం వచ్చాడు. గుర్రం మీంచి దిగలేదు, జారాడు. నాన్న నవ్వాడు. మెదెర్ మోకాళ్ళు దులుపుకుంటూ కార్డు తీసి, 'బెర్మెత్ ఎక్కడ? రా తల్లీ, ఇది పదోది. ఈసారి కూడా ఏడవకపోతే నా టోపీ ఇచ్చేస్తా' అన్నాడు.

'నేనెప్పుడూ ఏడవలేదు. ఏడ్చేది అది' అన్నాను.

'ఏది?'

నాన్నమ్మ దుఆ ఆపేసింది. 'ఒసేయ్, నోరు మూసుకోవే.'

'నేను జూరాని. బెర్మెత్ అది' అని వేలు పెట్టి చూపించాను. అది గుడారం గుమ్మంలో పరుపులకు ఆనుకుని కూర్చుని ఉంది.

మెదెర్ పకపకా నవ్వాడు. 'తొమ్మిది వేయించుకుని పదోదానికి భయమేసిందా? పేరు మార్చుకుంటే సూది తప్పుతుందా బంగారం?'

'దాని మాట నమ్మకు నాయనా, అబద్ధాల పుట్ట' అంది నాన్నమ్మ.

అప్పుడు నేను అరిచాను. నా ఒంట్లో ఉన్న ఊపిరంతా పెట్టి, 'బెర్మెత్!' అని. ఎదురుగా మంచుగడ్డ ఆ పేరు పట్టుకుని తిరిగి మా మీదికి విసిరింది. రెండుసార్లు. గొర్రెలన్నీ ఒక్కసారి తలలెత్తాయి. నాన్నమ్మ చెవులు మూసుకుని కింద కూలబడింది. అది మాత్రం తలెత్తలేదు. అందరూ అటే చూస్తున్నారు, అదొక్కతే వేళ్ళు చూసుకుంటోంది.

మెదెర్ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. 'చెవి పెట్టు. వీపు మీద. పెట్టు!' పెట్టాడు. నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. చాలాసేపు విన్నాడు. లేచి, కార్డు తీసి, ఒక్కొక్క టిక్కు మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. 'ఇవన్నీ నేనే పెట్టాను' అన్నాడు. అలా గడ్డిలో కూర్చుండిపోయాడు. మగవాడు అలా ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

నాన్నమ్మ నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. 'సూది నువ్వు వేయించుకున్నావా?' అంది.

'ఆఁ.'

'తొమ్మిదీ?'

'ఆఁ.'

'నేను పేరు మార్చింది అదొచ్చి చూసి పోవడానికే. మందు మార్చమన్నానా నేను? అనామకురాలా, మందు మార్చమన్నానా?' అని నా భుజాలు పట్టుకుని ఊపేసింది. తర్వాత వదిలేసి లోపలికి వెళ్ళి, గిన్నె నిండా నీళ్ళు తెచ్చి, దాని తల చుట్టూ తిప్పుతూ తను కూడా చుట్టూ తిరిగింది. అనడం కాదు అక్కా, నిజంగా. మూడుసార్లు. ముసలి కాళ్ళు తడబడుతుంటే గుడారం తాడు పట్టుకుని తిరిగింది. ఆ నీళ్ళు పారబోయలేదు. చుక్క మిగలకుండా గటగటా తాగేసింది. 'ఇక తీసుకుపో' అంది మెదెర్‌తో. 'వెతుక్కుంటూ వచ్చేది ముందు నన్ను దాటాలి.'

నాన్న దాన్ని కంబళిలో చుట్టి గుర్రం మీద తన ముందు కూర్చోబెట్టుకున్నాడు. నేను కళ్ళెం పట్టుకుని పక్కన నడిచాను. కనుమ దగ్గర అది వంగి నా చెవిలో అంది: 'బెర్మెత్, నేను వెళ్ళిపోతే నువ్వు ఒక్కదానివే పడుకుంటావా?'

కంబళి అంచు దాని మెడ దాకా లాగాను. ఏ పేరుతో పలకాలో తెలియలేదు.

జూరా


ఫ్రూంజే
డిసెంబరు 22

జూరా,

ఆపరేషను పన్నెండో తారీకున అయింది. ముందు లోపలి మంట చల్లారాలని మూడు నెలలు మందులతో ఉంచారు. అందుకే ఇంత ఆలస్యం.

నన్ను గాజు వెనక నిలబడనిచ్చారు. డాక్టరు చూపుడు వేలు గుండెలోకి వెళ్ళింది. తర్వాత ఆయన 'విడింది' అన్నాడు. ఆ రోజు నుంచి పిట్ట కూయలేదు. డాక్టర్ జిపారా గొట్టం నా చెవులకు పెట్టి వినిపించింది. రెండే చప్పుళ్ళు.

అది బతుకుతుంది. ముందే చెప్పాను, ఎందుకంటే ఇక రాసేది చదివితే నీకు భయమేస్తుంది.

మత్తు దిగాల్సిన వేళకు దిగలేదు. మర్నాడు పొద్దున కూడా కళ్ళు తెరవలేదు. నాడి బాగుంది, ఊపిరి బాగుంది, మనిషి లేదు. మత్తు డాక్టరు 'పేరు పెట్టి పిలవండి, సొంతవాళ్ళ గొంతు వింటారు' అన్నాడు. పిలిచాను. బెర్మెత్, బెర్మెత్. మధ్యాహ్నం దాకా పిలిచాను. నర్సులు పిలిచారు. గొంతు పోయింది. చివరికి ఎవరూ లేకుండా చూసి, చెవి దగ్గర వంగి, 'జూరా' అన్నాను.

కళ్ళు తెరిచింది.

మత్తు అప్పుడే దిగిందని డాక్టర్లు అంటున్నారు. అలాగే అయి ఉంటుంది. నాకూ అలాగే నమ్మాలని ఉంది. కానీ అది నన్ను చూసి మొదట అడిగిన మాట నీకు చెప్పకుండా ఉండలేను. ఆపరేషను గది తలుపు వైపు చూస్తూ, 'బెర్మెత్ రాలేదా? లోపలే ఉండిపోయిందా?' అంది.

నీ గురించే అడిగిందని అనుకుంటున్నాను. అవునా?

ఇప్పుడు చిక్కు ఇది. కవాటం విడింది గాని జ్వరం మళ్ళీ వస్తే మళ్ళీ అతుక్కుంటుంది. పెద్దదయ్యేదాకా నెలనెలా సూది తప్పకూడదు. ఇక్కడి కాగితాల మీద బెర్మెత్ అని రాయించాను. నర్సు ఆ పేరు పిలిస్తే అది గోడ వైపు తిరుగుతుంది. పక్క మంచం పిల్ల తట్టి చెప్పాలి. వసంతంలో ఇంటికి వస్తుంది. రేపు మెదెర్ బదిలీ అయి ఇంకొకడు వస్తాడు. కార్డు చూసి బెర్మెత్ అని పిలుస్తాడు. అప్పుడు ఎవరు వెళతారు?

సైరాగుల్


కరా-బులున్
1975 జనవరి 20

అక్కా,

ఏ పేరుకు కళ్ళు తెరిచిందో ఆ పేరు మీదే కార్డు రాయించు.

నాన్నా నేనూ గ్రామ సోవియట్ కచేరీకి వెళ్ళాం. కార్యదర్శి కళ్ళజోడు సవరించుకుని, 'పేర్లు మార్చుకోవడానికి ఇవేమన్నా టోపీలా?' అన్నాడు. నాన్న మామూలుగా మాట్లాడని మనిషి కదా, బల్ల మీదికి వంగి, 'మా పెద్దావిడ ఎప్పుడో మార్చేసింది. ఇప్పుడు మార్చాల్సింది నీ కాగితమే' అన్నాడు. సాక్షిగా మెదెర్ వచ్చాడు. కార్యదర్శి అరగంట సణిగి ముద్ర వేశాడు. ఆ కాగితం ఈ కవరులో పెడుతున్నాను, ఆసుపత్రిలో చూపించు. ఇక్కడి కార్డు మెదెర్ కొత్తది రాశాడు. దాని మీద 'జూరా' అని ఉంది. పక్కన ఒక్క టిక్కు కూడా లేదు. పాత కార్డు నా ముందే చింపి పొయ్యిలో వేశాడు.

మెదెర్ నన్ను అడిగాడు, నీకు బాధగా లేదా అని. కాగితమూ మనిషీ ఒకచోట ఉండాలి, అంతే అన్నాను. నాన్నమ్మ అయితే, 'అది ఆ పేరు తీసుకుని ఆ గదిలోకి వెళ్ళింది, అక్కడే ఉంచేసి వచ్చింది. తలుపు మూశాక మళ్ళీ తట్టకండి' అంటోంది. లోపల ఉండిపోయింది ఎవరో నాకు తెలియదు. నేనైతే ఇక్కడే ఉన్నాను. దాన్ని భయపెట్టకుండా ఈ మాట చెప్పు: బెర్మెత్ ఇంట్లోనే ఉంది, నీ పరుపు ఎండలో వేస్తోంది అని.

బడి పుస్తకాల మీద కూడా మార్చేశాను. ఇక నువ్వూ నన్ను పాత పేరుతో పిలవకు. ఉత్తరాల్లో కూడా వద్దు. ఒక్కసారి రాసినా కాగితానికి తెలిసిపోతుంది.

ఒక్కటే కష్టంగా ఉంది. ప్రయాణంలో ఉన్న మనిషి ప్రాణం దారి తప్పకుండా ఇంటికి రావాలని నాన్నమ్మ రోజూ పొద్దున గుమ్మంలో నిలబడి, రోడ్డు వైపు చెయ్యి చాపి, 'కురుయ్, కురుయ్, జూరా! ఇల్లు ఇటే, జూరా!' అని పిలుస్తోంది. నేను పొయ్యి దగ్గర ఉంటాను. ప్రతిసారీ నా తల అటు తిరుగుతుంది. తిరగకుండా ఉండటం నేర్చుకుంటున్నాను.

ఇవాళ మూడుసార్లు పిలిచింది. ఒక్కసారే తిరిగాను.

బెర్మెత్